ఖర్చు లేని చర్మ సంరక్షణ: హైదరాబాద్ ఎండకీ నీళ్లకీ దేంతో మొదలుపెట్టాలి?

సూర్యాపేట నుంచి కోచింగ్ కోసం వచ్చి ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉంటున్న మా చిన్నమ్మ కూతురు జనవరిలో నాకు వాట్సాప్‌లో ఓ జాబితా పంపింది. శనగపిండి, పెరుగు, ఐసు ముక్క, కొబ్బరి నూనె, బియ్యం కడిగిన నీళ్లు, నిమ్మచెక్క, కలబంద. కింద ఒకటే ప్రశ్న: "అక్కా, క్రీములు కొనే పరిస్థితి లేదు. వీటిలో దేంతో మొదలుపెట్టాలి?" ఇక్కడి నీళ్లు పడక చెంపలు గరుకుబారాయని, నుదుటి మీద సన్నటి పొక్కులు లేచాయని కూడా రాసింది.

ఆ జాబితా చూసి నాకు భయమేసింది. అన్నీ ముఖానికి రాసేవే. పైసా ఖర్చు లేని అలవాట్లలో బాగా పనిచేసేవి చాలావరకు రాసేవి కావు, మానుకునేవీ మార్చుకునేవీ. స్నానం నీళ్ల వేడి తగ్గించడం, ఎండకి అడ్డం పెట్టుకోవడం, దిండు గలీబు మార్చడం లాంటివి. వంటింటి పూతల వంతు వీటి తర్వాతే. తనకి ఫోన్లో గంటసేపు చెప్పినదాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మొదటిసారి చర్మం గురించి పట్టించుకుంటున్న ఎవరికైనా పనికొస్తుందని ఆశ.

## ఎంచుకునే ముందు

పడకపోతే నష్టమెంత? నా దృష్టిలో అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. మన చామనఛాయ చర్మానికి ఒక స్వభావం ఉంది. మంట పుట్టినా, గీరుకుపోయినా, మొటిమ గిల్లినా, అది మానాక అక్కడ నల్లమచ్చ మిగులుతుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఆ చోట ఎక్కువగా తయారవుతుంది కాబట్టి. మొటిమ వారం పది రోజుల్లో పోతుంది, మచ్చ నెలల తరబడి ఉంటుంది. గలీబు మార్చినందుకు ఎవరికీ మచ్చ పడదు. నిమ్మరసం రాస్తే పడొచ్చు.

మీ చర్మం ఎలాంటిది? రాత్రి ముఖం కడిగి, తుడిచి, ఏమీ రాయకుండా గంటసేపు ఆగండి. బిగుసుకుపోయినట్టు ఉంటే పొడి చర్మం. ముక్కు, నుదురు మాత్రమే మెరిస్తే మిశ్రమ చర్మం. చెంపలు కూడా జిడ్డుగా ఉంటే జిడ్డు చర్మం. హైదరాబాద్‌లో ఈ పరీక్ష ఏడాదికి రెండుసార్లయినా చేసుకోవాలి. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడిది పొడి చలి. జులై ముసురులో గాలి నిండా తేమే. ఒకే మనిషి చర్మం ఈ రెండు కాలాల్లో రెండు రకాలుగా ఉంటుంది.

మీకు వచ్చే నీళ్లేవి? చర్మం మాట వచ్చినప్పుడు ఈ సంగతి చాలామందికి తట్టదు. ఒకే వీధిలో ఒక ఇంటికి నల్లా నీళ్లు, పక్క అపార్ట్‌మెంట్‌కి బోరు నీళ్లు, ఎండలు ముదిరితే ఇద్దరికీ ట్యాంకరు నీళ్లు. మంజీరా, కృష్ణా, గోదావరి నుంచి వచ్చే నల్లా నీళ్లు ఒక రకం. రాతి పొరల్లోంచి తోడిన బోరు నీళ్లు ఇంకో రకం. వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే సబ్బుతో కలిసి జిగట తెట్టు కడుతుంది. బకెట్ అంచున తెల్లటి పొరలా పేరుకునేదీ, షవర్ రంధ్రాలు పూడ్చేదీ ఈ లవణాలే. సబ్బు తెట్టు సరిగా వదలక చర్మం మీద మిగిలిపోతుంది, దాంతో చర్మం పొడిబారుతుంది, దురద పెడుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకి 200 మిల్లీగ్రాముల కాఠిన్యం (ఈ లవణాల మోతాదు) దాకా ఫరవాలేదు. వేరే దిక్కు లేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. కొలిచే పరికరం అక్కర్లేదు. ఖాళీ నీళ్ల సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, ఒంటి సబ్బు కాస్త గీరి వేసి, మూత పెట్టి గట్టిగా ఊపండి. పైన నురగ నిలబడి కింద నీళ్లు తేటగా ఉంటే మంచి నీళ్లు. నురగ రాకుండా మొత్తం పాలలా తెల్లబడితే ఉప్పు నీళ్లు, అంటే కాఠిన్యం ఎక్కువ. మా చెల్లి హాస్టల్ నీళ్లు పాలలాగే అయ్యాయి.

ఎండలో ఎంతసేపు, చేతిలో ఎంత టైం? బస్‌స్టాపులో ఇరవై నిమిషాలు నిలబడే వాళ్లకీ, ఇంట్లోంచి పనిచేసే వాళ్లకీ ఒకటే సలహా చెప్పలేం. ఆరు గంటలకి క్లాసుకి పరిగెత్తే పిల్లకి పూత ఆరేదాకా కూర్చోమని చెప్పడం కూడా దండగే.

## ఒక్క చూపులో

| అలవాటు | ఎక్కువ మేలు ఎవరికి | పట్టే సమయం | పొరపాటైతే నష్టం |
|---|---|---|---|
| స్నానం, ముఖం కడిగే తీరు మార్చడం | అందరికీ, ముఖ్యంగా బోరు నీళ్లవాళ్లకి | అదనంగా ఏమీ లేదు | దాదాపు లేదు |
| నీడ, చున్నీ, గొడుగు | మచ్చలు, మంగు ఉన్నవాళ్లకి, బండి నడిపేవాళ్లకి | ఒక నిమిషం | లేదు, గుడ్డ మురికిగా ఉంటే తప్ప |
| గలీబు, తువ్వాలు, చేతుల శుభ్రత | మొటిమలు ఉన్నవాళ్లకి | వారానికి పావుగంట | లేదు |
| నూనె | పొడి చర్మం వాళ్లకి, ఒంటికి మాత్రమే | రెండు నిమిషాలు | ముఖానికైతే పొక్కులు, మొటిమలు |
| సున్నిపిండి, పెరుగు, కలబంద | తీరిక ఉండి, చర్మం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి | పావుగంట నుంచి అరగంట | మంట, దురద, మచ్చ |
| నిమ్మ, వంట సోడా, వెల్లుల్లి, టూత్‌పేస్ట్ | ఎవరికీ వద్దు | | కాలిన గాయం దాకా |

## నీళ్లు, స్నానం

ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొర కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ సుమారు 5 (ఈ అంకె ఎంత తగ్గితే అంత ఆమ్లం). మామూలు ఒంటి సబ్బు పీహెచ్ 9, 10 ఉంటుంది. సబ్బు పెట్టిన ప్రతిసారీ ఆ పొరకి దెబ్బ తగులుతుంది, మళ్లీ సర్దుకోడానికి దానికి కొన్ని గంటలు కావాలి. ముఖం "కీచుమనేలా" కడిగితేనే శుభ్రమని మన ఇళ్లలో ఓ నమ్మకం. ఆ కీచుమనడం శుభ్రతకి గుర్తు కాదు, చర్మాన్ని కాపాడే కొవ్వు కూడా పోయిందన్నమాట.

ముఖం పొద్దున ఉత్త నీళ్లతో, రాత్రి అవసరమైతే కాస్త సబ్బుతో. రోజుకి రెండుసార్లు, చెమట బాగా పట్టినప్పుడు ఇంకోసారి, అంతే. ఒంటికి సబ్బు చంకలు, గజ్జలు, పాదాలకి చాలు. చలికాలంలో చేతులకీ కాళ్లకీ రోజూ పెట్టాల్సిన పని లేదు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. గీజరు వేసుకున్నా, బకెట్లో హీటర్ రాడ్ పెట్టుకున్నా, రాడ్ తీసేశాక మోచెయ్యి ముంచితే వెచ్చగా తెలియాలి గానీ చురుక్కుమనకూడదు. స్నానం పది నిమిషాల్లో ముగించండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి.

బోరు నీళ్లవాళ్లకి ఇంకో చిట్కా. నీళ్లు మార్చలేం గానీ సబ్బు తగ్గించగలం. తెట్టు కట్టేది సబ్బు వల్లే కదా. చివర్లో ముఖం మీద ఒక్క మగ్గు ఆర్వో ఫిల్టర్ నీళ్లు పోసుకుంటే మిగిలిన తెట్టు కూడా పోతుంది. ఫిల్టర్ పక్క గొట్టంలోంచి వచ్చే వృథా నీళ్లు మాత్రం ముఖానికి వాడొద్దు, వడకట్టిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి. అవి ఇల్లు తుడవడానికి.

జిడ్డు చర్మం వాళ్లకి మొదటి వారం ఇది తృప్తిగా అనిపించదు. బస్సులో, దుమ్ములో తిరిగొచ్చేవాళ్లు రాత్రి సబ్బు మానొద్దు. సన్‌స్క్రీన్ రాసుకునేవాళ్లకి కూడా రాత్రి సబ్బు ఉండాల్సిందే.

## ఎండకి అడ్డం

నన్నడిగితే మచ్చలకి అసలు మందు ఇది. ఉన్న మచ్చ ఎండ తగిలిన కొద్దీ ముదురుతుంది. ఏ పూత వేసినా మధ్యాహ్నం ఎండలో తిరిగితే ఆ శ్రమంతా వృథా.

టైం చూసుకోడానికి మీ నీడే గడియారం. నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఎండ గట్టిదని అర్థం. మన ఊళ్లో మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మిట్ట మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకి పక్కన నీడే పడదు. మేలో దాదాపు తొమ్మిది దాటినప్పటి నుంచి మూడింటి దాకా నీడ పొట్టిగానే ఉంటుంది. డిసెంబరులో కూడా పన్నెండింటికి నీడ మనకంటే కొంచెం చిన్నదే. చలికాలం ఎండ ఏమీ చెయ్యదనుకుని డాబా మీద మధ్యాహ్నం దాకా కూర్చునేవాళ్లు ఇది గమనించాలి.

స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు చున్నీ చుట్టుకోవడం మన ఊళ్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. చాలా మంచి అలవాటు కూడా. కాకపోతే చున్నీని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. అవతలి కిటికీ చువ్వలు స్పష్టంగా కనిపిస్తే అది దుమ్ముకి అడ్డమే గానీ ఎండకి కాదు. దగ్గరగా నేసిన ముదురు రంగు గుడ్డ మేలు. పల్చటి తెల్ల కాటన్, అందులోనూ చెమటకి తడిస్తే, ఎండని పెద్దగా ఆపదు. హెల్మెట్ పెట్టుకునే అబ్బాయిలు లోపల శుభ్రమైన దస్తీ కట్టుకుంటే నుదుటి పొక్కులు తగ్గుతాయి.

ఇంట్లో, ఆఫీసులో కిటికీ పక్కన కూర్చునేవాళ్లకి ఒక మాట. అద్దం ఎండలో ఒంటిని కాల్చే యూవీబీ కిరణాల్ని చాలావరకు ఆపుతుంది, రంగు మార్చే యూవీఏని మాత్రం ఎక్కువగానే వదిలేస్తుంది. కుర్చీ జరుపుకోవడం, కర్టెన్ వేయడం ఉచితమే. మంగు మచ్చలు ఉన్నవాళ్లకి మాత్రం నీడ ఒక్కటే సరిపోదు. ఎప్పుడైనా ఒక్క వస్తువు కొనగలిగితే అది సన్‌స్క్రీనే కావాలి.

## గుడ్డలు, చేతులు

ఇందులో చెప్పడానికి ఎక్కువ లేదు, చెయ్యడమే ఉంది. గలీబు వారానికి రెండుసార్లు మార్చండి. రెండో గలీబు లేకపోతే తిరగేసి వాడి, తర్వాత ఉతకండి. ముఖానికి వేరే తువ్వాలు పెట్టుకోండి, ఎండలో ఆరేయండి. చున్నీ రోజూ ఉతకాలి. మొటిమ గిల్లొద్దు.

## నూనె

ఇది మనకి అలవాటైన వస్తువు కాబట్టే తికమక ఎక్కువ. స్నానం చేసిన రెండు మూడు నిమిషాల్లో, ఒళ్లు ఇంకా కొంచెం తడిగా ఉండగానే, కాళ్లకీ చేతులకీ నాలుగు చుక్కలు కొబ్బరి నూనె రాస్తే తడి ఆరిపోకుండా పట్టి ఉంచుతుంది. ఒళ్లు ఆరాక రాస్తే జిడ్డు కనిపిస్తుంది గానీ ఆ ఫలితం రాదు. చలికాలం మడమల పగుళ్లకి రాత్రి నూనె రాసి పాత కాటన్ సాక్సులు వేసుకోండి. ఆవనూనె, ఆలివ్ నూనె చర్మపు రక్షణ పొరని దెబ్బతీస్తాయి, వాటిని ఒంటికి వాడొద్దు.

ముఖానికి కొబ్బరి నూనె వద్దంటాను. రంధ్రాలు పూడ్చే గుణం దానికి ఎక్కువ. చుండ్రు ఉండి, ముక్కు పక్కల, కనుబొమల్లో పొట్టు రాలేవాళ్లు అక్కడ అసలు నూనె పెట్టొద్దు. ఆ ఇబ్బందికి తోడ్పడే ఫంగస్ నూనెల్లోని కొవ్వు ఆమ్లాల మీదే బతుకుతుంది.

ఇంకో సంగతి. నుదుటి మీద ఒకే తీరులో సన్నటి పొక్కులు, ముఖ్యంగా జుట్టు మొదలయ్యే చోట ఉంటే, తలనూనె మీద అనుమానం పెట్టుకోండి. రాత్రి నూనె పెట్టి పడుకుంటే అది దిండుకి అంటుతుంది, దిండు నుంచి ముఖానికి. మా చెల్లిది అచ్చం ఇదే. నూనె మానక్కర్లేదు, తలస్నానానికి గంట ముందు పెట్టుకుంటే చాలు.

## వంటింటి పూతలు

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, మే నెలలో ఓ పొద్దున, నిమ్మచెక్క చెంపలకి రుద్దుకుని, పైపైన కడిగి, కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా స్కూటీ మీద వెళ్లాను. రెండు రోజులకి చెంప ఎర్రబడి మండింది. తర్వాత గోధుమ రంగు చార పడింది. అది గుండ్రటి మచ్చ కాదు. రసం కారిన దారి వెంట, చెంప నుంచి దవడ అంచు దాకా సన్నగా దిగింది. దీపావళి నాడు తీసిన ఫోటోలో కూడా అది కనిపిస్తుంది. నిమ్మజాతి పండ్లలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిన గాయంలా అవుతుంది. పైగా నిమ్మరసం పీహెచ్ 2 కి దగ్గర. అందుకే "సహజమైనదే కదా" అనే మాట వింటే నాకు బాధగా ఉంటుంది. వంట సోడా, వెల్లుల్లి, టూత్‌పేస్ట్ కూడా ముఖానికి వద్దు. ముఖ్యంగా వెల్లుల్లి చర్మాన్ని నిజంగా కాల్చేస్తుంది.

మిగిలినవాటిలో సున్నిపిండి మీద నాకు గౌరవం ఉంది. పండగనాడు ఒంటికి నూనె పట్టించి నలుగు పెట్టడం చూడండి. ముందు నూనె, ఆ తర్వాత తడి పిండి. నూనె రాపిడిని తగ్గిస్తుంది, పిండి ఎక్కువైన జిడ్డుని పీలుస్తుంది. మన పెద్దవాళ్ల పద్ధతిలో ఆ జాగ్రత్త ఉంది. ఇప్పుడు మనం ఒట్టి శనగపిండి ముఖానికి పూసి, పెచ్చులు కట్టేదాకా ఎండబెట్టి, గీరి తీస్తున్నాం. అక్కడే దెబ్బతింటున్నాం. పిండిని జల్లెడ పట్టి, దోసె పిండి కంటే పల్చగా కలిపి, రెండు నిమిషాలు ఉంచి, ఆరకముందే నీళ్లతో జార్చేయండి. వారానికి ఒకసారి. జిడ్డు చర్మానికి ఇది నప్పుతుంది. పొడి చర్మం వాళ్లు నీళ్లకి బదులు పాలు కలుపుకోవచ్చు. మొటిమలు వాచి ఉన్నవాళ్లు వద్దు, రాపిడితో అవి ఇంకా రేగుతాయి.

పెరుగులో లాక్టిక్ ఆమ్లం కొద్దిగా ఉంటుంది, మృతకణాల్ని మెల్లగా వదులు చేస్తుంది. తాజా పెరుగు పది నిమిషాలు చాలు. కలబంద ఎండకి కమిలిన చోట చల్లగా హాయిగా ఉంటుంది, కానీ మట్ట కోయగానే కారే పసుపు పాలు దురద పెడతాయి. ముక్కని పావుగంట నిలబెట్టి ఆ పాలు కారిపోయాక, కడిగి, లోపలి తెల్ల గుజ్జు మాత్రమే తీసుకోండి. పసుపు చిటికెడు దాటొద్దు. బియ్యం కడిగిన నీళ్లతో నష్టం లేదు, పెద్ద లాభమూ లేదు, నిలవ ఉంచితే మాత్రం పులిసిపోతాయి. ఐసు నేరుగా రుద్దొద్దు, గుడ్డలో చుట్టి వాచిన మొటిమ మీద కాసేపు పెట్టొచ్చు.

ఏదైనా ముందు మోచేతి మడత లోపల రోజుకోసారి, నాలుగు రోజులు రాసి చూడండి. ఎగ్జిమా (దురదతో చర్మం ఎర్రబడి చిట్లే జబ్బు) ఉన్నవాళ్లు, చర్మం చిట్లిన చోట, తినే వస్తువులు రాయొద్దు. అలా చిట్లిన చర్మం గుండా ఆ ఆహారం మీద అలర్జీ పుట్టే అవకాశం ఉంది. చిన్నపిల్లల విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

## ఎవరు దేంతో మొదలుపెట్టాలి

హాస్టల్ పిల్లలకి వంటిల్లు ఉండదు, అద్దం ముందు అరగంట ఉండదు. వాళ్లకి స్నానం తీరు, గలీబు, తలనూనె టైం. ఈ మూడే చాలు, ఒకదాని తర్వాత ఒకటి.

బండి మీద రోజూ తిరిగేవాళ్లు చున్నీతో మొదలుపెట్టాలి, డెలివరీ పని చేసే తమ్ముళ్లయితే పొడుగు చేతుల చొక్కాతో.

మాదాపూర్ వైపు రోజంతా ఏసీలో కూర్చునేవాళ్లకి సమస్య పొడితనం. సబ్బు తగ్గించి, తడి ఒంటికి నూనె రాసుకోవడం వాళ్లకి నప్పుతుంది.

మంగు ఉన్న అమ్మలు, అక్కలు పూతల జోలికి పోకుండా నీడ మీదే దృష్టి పెట్టండి. పొయ్యి సెగ కూడా మంగుని పెంచుతుంది, కాబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని, వంటింటి కిటికీ తీసి పెట్టండి. ఆవిరి పట్టడం వద్దు.

గడ్డం గీసుకుంటే పొక్కులు వచ్చే అబ్బాయిలు స్నానం అయ్యాక, వెంట్రుకలు మెత్తబడ్డాక, అవి పెరిగే దిశలోనే గీసుకోండి.

రెండు మూడు ఒకేసారి మొదలుపెట్టొద్దు, దేని వల్ల ఏం జరిగిందో తెలియదు. చర్మం పైపొర కొత్తగా మారడానికి సుమారు నెల పడుతుంది కాబట్టి ఒక్కో అలవాటుకి నాలుగు నుంచి ఆరు వారాలు ఇవ్వండి. ప్రతి ఆదివారం అదే కిటికీ దగ్గర, అదే టైంకి, ఫిల్టర్ లేకుండా ఒక ఫోటో తీసుకోండి.

గడ్డల్లా లోపల నొప్పి పెట్టే మొటిమలు, గుంటలు పడటం, గుండ్రంగా పాకే తామర, ఆకారం మారుతున్న పుట్టుమచ్చ. వీటికి ఇంటి అలవాట్లు చాలవు. ఉస్మానియా, గాంధీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. దగ్గర్లోని బస్తీ దవాఖానాలో డాక్టరుకి ఉచితంగా చూపించుకుని, అవసరమైతే అక్కడికి వెళ్లొచ్చు. దయచేసి మందుల షాపులో అడిగి "తెల్లబరిచే" ట్యూబు మాత్రం తెచ్చుకోవద్దు. అలాంటి వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి రెండు వారాలు ముఖం మెరుస్తుంది, తర్వాత చర్మం పల్చబడి, సన్నటి ఎర్రటి రక్తనాళాలు తేలి, మానేస్తే మంట మొదలవుతుంది.

మా చెల్లి ముందు తలనూనె టైం మార్చుకుంది, తర్వాత ముఖానికి పొద్దున సబ్బు మానేసింది. మార్చి మొదటి వారంలో ఫోటో పంపింది. నుదుటి పొక్కులు చాలావరకు తగ్గాయి. చెంపల గరుకుతనం ఇంకా కొంచెం ఉంది, రెండు పాత మచ్చలు అలాగే ఉన్నాయి. కలబంద మొదలుపెట్టొచ్చా అని అడిగితే, ముందు మోచేతి మీద నాలుగు రోజులు చూసి ఫోన్ చెయ్యమన్నాను.